రత్నం అత్త చెప్పిన సినిమా

ప్లాస్టిక్ డబ్బా మూత తెరవగానే గుప్పున కలరా ఉండల వాసన కొట్టింది. దాని వెనకే, కాస్త ఆలస్యంగా, ఇంకో వాసన కూడా వచ్చింది. ఎప్పుడో ఆరిపోయిన అత్తరుది. అమలాపురంలో పాత పెళ్ళి క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చే స్టూడియో అది. కౌంటర్ అవతలి పెద్దాయన క్యాసెట్‌ని అటూ ఇటూ తిప్పి, మెత్తటి గుడ్డతో బూజు తుడిచి, టేపును వేలితో కొంచెం బయటికి లాగి చూశాడు. నేను మాత్రం ఆ వాసన దగ్గరే ఆగిపోయాను. ముక్తేశ్వరంలో మా పక్కింటి గదిలో, చాప మీద, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నప్పుడు వచ్చే వాసన అది. రత్నం అత్త చీర వాసన.

“పెళ్ళి క్యాసెట్టేనాండి?” అన్నాడాయన.

“కాదండీ, సినిమా.”

“సినిమాకైతే ఇంత శ్రమెందుకండీ? పేరు చెబితే ఫోన్లోనే దొరికిపోద్ది కదండీ.”

“పేరు తెలీదండి.”

“పోనీ హీరో ఎవరండి?”

“ఎలుగుబంటండి.”

ఆయన నా మొహంలోకి ఒకసారి పరీక్షగా చూసి, “మీరు హాస్పిటల్లో నర్సు కదండీ?” అని అడిగాడు. ఆయ్ అన్నాను. ఇలాంటి మనిషి ఇంజెక్షన్లు చేస్తోందా అని ఆయన అనుకుని ఉంటే ఆయన తప్పు లేదు. నాకు చిన్నప్పటినుంచీ అయోమయం ఎక్కువ. చూసిందీ విన్నదీ కలిపేసుకుంటాను. కలలో జరిగిన గొడవకి మా ఆయన మీద పొద్దున్నే అలిగిన రోజులున్నాయి. అలాంటి నేను, పోయిన వానాకాలంలో రత్నం అత్త పోయేముందు, ఆవిడకి ఒక మాట చెప్పాను. చెప్పేటప్పుడు అది నిజమో అబద్ధమో నాకు తెలీదు. తేల్చుకోవడానికి మిగిలిన ఆధారం ఈ క్యాసెట్ ఒక్కటే. అందుకే దీన్ని చీరల మధ్యనుంచి వెతికి తీయించి, సంచిలో పెట్టుకుని, ఈ పెద్దాయన దగ్గరికి వచ్చాను.

రత్నం అత్త మాకు చుట్టం కాదు. పక్కిల్లు, అంతే. కానీ మా వైపు పక్కింటివాళ్ళకి వరస లేకపోతే నోట్లో మాట ఆడదు కాబట్టి ఆవిడ నాకు అత్త అయింది. భర్త కొబ్బరిచెట్టు మీదనుంచి పడి పోయేనాటికి ఆవిడ కడుపులో దుర్గ ఉంది. దుర్గ తప్పటడుగులు వేస్తున్న రోజుల్లో బిడ్డని తల్లికి అప్పజెప్పి, గల్ఫులో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి వెళ్ళిపోయింది. అప్పట్లో మా వీధిలో చాలామంది ఆడవాళ్ళు అలాగే వెళ్ళేవారు. ఆవిడ తిరిగొచ్చేసరికి దుర్గా నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని ఎక్కాలు చదువుతున్నాం. ఒక టీవీ, ఒక వీసీఆర్, రెండు పులిబొమ్మ దుప్పట్లు, అత్తరు సీసాలు, ఒకే ఒక్క సినిమా క్యాసెట్. ఇదీ ఆవిడ సామాను. ఆ ఇంటి పిల్లలు ఆ సినిమా పెట్టందే అన్నం ముట్టేవారు కాదట. వాళ్ళు పెద్దవాళ్ళయ్యాక, ఇంక మాకెందుకు, నువ్వు పట్టుకుపో అని ఆ ఇంటావిడ ఇచ్చేసిందట. 

దుర్గ అమ్మమ్మని ‘అమ్మ’ అని పిలిచేది. కన్నతల్లిని ఏమీ పిలిచేది కాదు. తప్పనిసరైతే ‘ఆవిడ’ అనేది. అత్త వచ్చిన మొదటి రోజు మేమంతా వీధి వీధంతా వాళ్ళ గుమ్మంలోనే ఉన్నాం. దుప్పటి విప్పి చూపిస్తూ అత్త, “ఇలా రామ్మా, మెత్తగా ఉంది చూడు, నీకోసమే” అంది. దుర్గ కదలకుండా అమ్మమ్మ వైపు తిరిగి, “ఆవిడ ఎన్నాళ్ళుంటది?” అని అడిగింది. అందరూ నవ్వేశారు. అత్త కూడా నవ్వింది, కానీ దుప్పటిని మళ్ళీ అదే మడతల్లో పెట్టడానికి చాలాసేపు పట్టింది. ఆ రోజునుంచి ఆవిడకి కావలసింది ఒకటే. ఆ పిల్ల తనని అమ్మా అని ఒక్కసారి పిలవాలి. వీధిలో కుక్కపిల్లకి కూడా తెలుసు ఆ సంగతి.

పిలిపించుకోవడానికి ఆవిడ దగ్గర ఉన్న ఉపాయం ఆ సినిమా. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక గదిలో చాప పరిచి, వీధిలో పిల్లలందరినీ కూర్చోబెట్టి పెట్టేది. అందరూ వస్తే దుర్గ కూడా వస్తుందని ఆశ. వచ్చేది కూడా. అది ఏ దేశపు సినిమానో తెలీదు. కింద అరబ్బీ అక్షరాలు పరుగెత్తేవి. అందులో కోటు తొడుక్కున్న ఎలుగుబంటి ఉంది. గొడుగు తిరగేసి అందులో చేపలు పట్టే రాజు ఉన్నాడు. కాళ్ళున్న ఇల్లు ఉంది. అది కోపం వస్తే లేచి వేరే ఊరు వెళ్ళిపోతుంది. ఎప్పుడూ మంచం మీద పడుకునే ఉండే ఒక పిల్ల ఉంది. నేలమీద జీరాడే పొడుగు కోటూ, మొహం కనపడనంత టోపీ పెట్టుకున్న ఒక మనిషి ఉంది. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎందుకు పరుగెత్తుతున్నారో తలాతోకా తెలిసేది కాదు.

అత్త టీవీ గొంతు పూర్తిగా నొక్కేసేది. “ఆళ్ళ గోల ఆళ్ళది. నేను చెబుతాను కదా, ఇనండి” అనేది. ఆవిడ చెప్పిన కథలో ఆ పొడుగు కోటు మనిషి ఆ పిల్లకి తల్లి. పిల్లని ఎలుగుబంటికి అప్పజెప్పి, పిల్లకి కావలసినవి తేవడానికి దూరదేశం వెళ్ళింది. “చూడండి, ఆ కోటావిడ ఏమంటందంటే, నాన్నా ఎలుగ్గొడ్డూ, మా పిల్లకి ఏళకి పాలు పట్టండీ, ఎండలో తిరగనియ్యకండీ, నేనెళ్ళి వత్తానండీ అంటంది.” ఎలుగుబంటిని కూడా అండీ అనే పిలిపించేది. ఎలుగుబంటి ‘ఆయ్’ అని తలాడించేది. మాకు అదంతా అచ్చంగా అలాగే కనిపించేది.

మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో, దుర్గ ముందు వరసలోంచి వెనక్కి తిరక్కుండానే, “అబద్ధం” అంది.

“ఏటమ్మా?” అంది అత్త.

“పిల్లకి తేడానికేం ఎల్లలేదు. ఆ కోటావిడకి ఈ పిల్లంటే ఇష్టం లేదు. అందుకే ఎల్లిపోయింది.”

గదిలో అందరం అత్త వైపు చూశాం. అత్త, “ఇష్టం లేకపోతే మళ్ళీ ఎందుకొచ్చిందమ్మా?” అని అడిగింది.

“ఏదో మర్చిపోయుంటది. దానికోసం వచ్చింది.”

ఆ రోజునుంచి మా సినిమాకి ఇద్దరు చెప్పేవాళ్ళు తయారయ్యారు. తెరమీద ఎలుగుబంటి గంతులేస్తుంటే అత్త ఒకటి చెప్పేది, దుర్గ దాన్ని కాదని ఇంకోటి చెప్పేది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవారు కాదు, తెరవైపే చూసేవారు. మామూలుగా ఇంట్లో అన్నం పెట్టమని కూడా నోరు తెరిచి అడగని పిల్ల, సినిమా పెడితే మాత్రం వాగుతూనే ఉండేది. అది చూసి అత్త వారానికి ఒకసారి ఉన్న సినిమాని రెండు రోజులకోసారి పెట్టడం మొదలుపెట్టింది. మాకు మాత్రం బుర్ర తిరిగిపోయేది. నేను ఇంటికెళ్ళి మా నాన్నకి రెండు కథలూ చెబితే, “రెండు సినిమాలేటే?” అన్నాడు. కాదు నాన్నా, ఒకటే అన్నాను. ఆయన ఇంక అడగలేదు.

ఒకరోజు దుర్గ, “ఆ కోటావిడ అక్కడ వేరే పిల్లలకి అన్నం పెట్టిందంట కదా?” అంది. తెరమీద కాళ్ళున్న ఇల్లు చెరువులో దిగి ఈదుతోంది. ఆ సన్నివేశానికీ కోటావిడకీ సంబంధమే లేదు. “పెట్టింది” అంది అత్త చివరికి. “అక్కడ పనే అది. పెట్టేటప్పుడల్లా ఇక్కడ దీనికెవరు పెడతన్నారో, తిందో లేదో అనుకునేది. ఒకోసారి ఆ పిల్లల నోటికి ముద్ద అందించి, చెయ్యి అలాగే మర్చిపోయేది.” “అది సినిమాలో లేదు” అంది దుర్గ. కానీ అబద్ధం అనలేదు. చాప మీద ఒక జానెడు వెనక్కి, అత్త మోకాలికి దగ్గరగా జరిగి కూర్చుంది. నేను చూశాను. ఇది మాత్రం కలిపేసుకున్నది కాదు.

దుర్గ లేనప్పుడు ఒకసారి నేను అడిగాను. “అత్తా, నీకు ఆ భాష వచ్చా?”

“రాదే.”

“మరి అంత బాగా ఎలా చెబుతన్నావు?”

అత్త అప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. “అక్కడికెళ్ళిన కొత్తలో నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదే చిట్టీ. ఆవిడేదో అనేది, నేను గుడ్లప్పగించి చూసేదాన్ని. ఏడుపొచ్చేది. అలా కొన్నాళ్ళు నోరు మూసుక్కూచున్నాను. నోరు మూసుకుంటే మనిషి అక్కడున్నట్టే ఎవరికీ తెలీదే. బల్లలాగే అయిపోతాం. ఇంక ఇలా కాదని, మొహం చూసి, తోచిందేదో అనేయడం మొదలెట్టాను. తప్పయితే ఆళ్ళే దిద్దుతారు. దిద్దడానికైనా మనతో మాట్టాడాలి కదా” అంది. నాకు అప్పుడు పెద్దగా అర్థం కాలేదు. కానీ తర్వాత నా బతుకంతా ఆ మాట మీదే నడిచింది. రొయ్యల చెరువుల మీద పనికి ఎక్కడెక్కడి రాష్ట్రాలనుంచో వచ్చిన మనుషులు మా ఆసుపత్రికి జ్వరాలతో వస్తారు. వాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకి రాదు. తోటి నర్సులు సైగలు చేసి వెళ్ళిపోతారు. నేను మాత్రం మొహం చూసి, వచ్చీరాని ముక్కలు కలిపి, తోచిందేదో మాట్లాడుతూనే ఉంటాను. వాళ్ళు దిద్దుతారు. అలా దిద్దుతూ దిద్దుతూ నొప్పి ఎక్కడో చెప్పేస్తారు. మందులెప్పుడు ఏం ఇవ్వాలో కాలేజీలో నేర్పారు. ఇది మాత్రం అత్త నేర్పిందే.

ఇలా ఉండగా అత్త మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. ఆవిడ తెచ్చిన దానితో ఇంటి గోడలు కిటికీల పైదాకా లేచి అక్కడ ఆగిపోయాయి. శ్లాబు పడాలంటే ఇంకో విడత వెళ్ళాల్సిందే. పాత ఇంటివాళ్ళే ఇంటిపనికి మళ్ళీ రమ్మన్నారు. అన్నీ కుదిరాయి. దుర్గకి మాత్రం ఎవరూ చెప్పలేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో పెద్దవాళ్ళు ప్రయాణమైతే అంతే కదా. పిల్లని ఏదో ఒక ఆటలో పడేసి, అది చూడకుండా సందులోంచి జారుకుంటారు. చెబితే ఏడుస్తుందని. మొదటిసారి అత్త వెళ్ళినప్పుడు దుర్గ చేతిలో లక్కపిడత పెట్టి వెళ్ళిందట. ఈసారి అమ్మమ్మ, “సినిమా పెట్టెయ్యే, దాని గోలలో అదుంటది” అందిట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ మధ్యాహ్నం మాకు తెలిసిందల్లా, ఆదివారం కాకపోయినా సినిమా పెట్టారని.

అత్త ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చుంది. కాసేపు కథ చెప్పింది. గొంతు అంత బాగోలేదు. మధ్యలో లేచి, “మీరు చూత్తా ఉండండి, ఇప్పుడే వత్తాను” అని బయటికి వెళ్ళింది. దుర్గ కథ అందుకుంది. ఇంక అడ్డు చెప్పేవాళ్ళు లేరు కాబట్టి అంతా దాని ఇష్టం. అప్పుడు తెరమీదికి ఆకుపచ్చ పడవ వచ్చింది. లాంతర్లు కట్టిన పడవ, నీళ్ళమీద మెల్లగా వెళ్ళిపోతోంది. “అమ్మా, ఎల్లకు” అని వినిపించింది. చిన్నగా కాదు, వీధి మలుపు దాకా వినిపించేటట్టు.

వెంటనే వాకిట్లోంచి అమ్మమ్మ కేక. “ఎనకనించి పిలిచిందెవరే!” మా వైపు ప్రయాణమైన మనిషిని వెనకనుంచి పిలవకూడదు. పిలిస్తే, వెళ్ళేవాళ్ళు ఇంట్లోకి తిరిగొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. పిలిచినవాళ్ళకి చీవాట్లు. అత్త అప్పటికే వీధి చివరికి వెళ్ళింది. సూట్‌కేస్ మోసేవాడు రేవు దారి పట్టాడు. మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ గోదావరి దాటించే పంటు అవతల కోటిపల్లి వెళ్ళడానికి సిద్ధంగా ఉంది. అత్త వెనక్కి వచ్చింది. చాప మీద మా మధ్య కూర్చుంది. అమ్మమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, దుర్గ వైపు తిరిగి, “నువ్వేనేటే పిలిచింది?” అని గద్దించింది.

“నేను కాదు” అంది దుర్గ, తెరమీదనుంచి కళ్ళు తిప్పకుండా. “సినిమాలో పిల్ల.”

అత్త చెంబు పట్టుకుని దాని మొహం వైపు చూసింది. తర్వాత తెర వైపు చూసింది. అప్పటికి పడవ వెళ్ళిపోయి రాజు గొడుగు వచ్చేసింది. నీళ్ళు తాగింది. “తాగేవు కదా, ఇంక లే, పంటు ఎల్లిపోద్ది” అంది అమ్మమ్మ. అత్త లేవలేదు. సినిమా అయ్యేదాకా అక్కడే కూర్చుంది. పంటు వెళ్ళిపోయింది. ఇవాళ్టికి బాలేదు, రేపెళ్తానంది. రేపొచ్చాక ఎల్లుండి అంది. చివరికి వెళ్ళనే లేదు. ఆ వీసా అలాగే పోయింది. శ్లాబు పడాల్సిన గోడల మీద తాటాకు వేసుకుని చాలా ఏళ్ళు ఉన్నారు. గల్ఫులో ఏసీ గదుల్లో తిరిగిన మనిషి, కొబ్బరికాయలు వలిచే చోట పీచు ఎత్తే పనికి వెళ్ళింది. ఎప్పుడైనా వానకి ఇల్లు కారితే, అమ్మమ్మ గిన్నెలు పెడుతూ, “సినిమాలో పిల్ల పిలిచిందంట, ఈవిడ ఆగిపోయిందంట” అని సణిగేది.

దుర్గ తర్వాత అమ్మా అనడం మొదలుపెట్టింది. ఎప్పుడు మొదలుపెట్టిందో ఎవరికీ తెలీదు. ఆ వేసవిలోనో, ఆ తర్వాత వానల్లోనో, పలక ఎక్కడ పెట్టావమ్మా, పచ్చడి వెయ్యమ్మా అంటూ మామూలుగా వచ్చేసింది. దానికి అత్త సంతోషించింది. కానీ ఆవిడకి ఆ మొదటిదే కావాలి. అది తనదో కాదో తెలియాలి. నేను నర్సింగ్ చదువుతూ సెలవులకి ఇంటికి వచ్చినప్పుడల్లా, గోడ పక్కకి పిలిచి అడిగేది.

“ఆ రోజు నువ్వక్కడే ఉన్నావు కదే చిట్టీ. పిలిచింది దుర్గేనా? ఆ సినిమా పిల్ల మాటగా చెప్పిందా?”

“గుర్తులేదత్తా. దాని గొంతుని బట్టి నీకు తెలీలేదా?”

“ఆ గొంతులో ఆ మాట అంతకుముందు ఎప్పుడూ ఇన్లేదు కదే. ఎలా పోల్చుకోను?”

గుర్తులేదన్నది నిజం కాదు. నాకు బాగా గుర్తుంది. పడవలో కోటావిడ నిలబడి ఉంది. ఒడ్డున ఆ పిల్ల రెండు చేతులూ చాచి ‘అమ్మా, ఎల్లకు’ అని ఏడుస్తోంది. లాంతర్ల వెలుగు ఆ పిల్ల చెంపల మీద పడుతోంది. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ఆ బొమ్మ అలాగే కనిపిస్తుంది. అంటే పిలిచింది సినిమాలో పిల్లే. టీవీ గొంతు నొక్కేసి ఉంది కాబట్టి దుర్గ ఆ పిల్లకి గొంతు ఇచ్చింది, అంతే. ఆ సంగతి అత్తకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. దుర్గని అడిగితే అది విసుక్కునేది. “సినిమాలో పిల్లేనమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి” అనేది.

పోయిన వానాకాలంలో అత్తకి ఊపిరి అందక మా ఆసుపత్రిలోనే చేర్చారు. ఆ మధ్యాహ్నం దుర్గ మందులకోసం కిందికి వెళ్ళింది. నేను సెలైన్ సరిచేస్తున్నాను. అత్త నా చెయ్యి పట్టుకుంది. మాట చాలా నెమ్మదిగా వస్తోంది. మళ్ళీ అదే అడిగింది. నాకు ఆవిడ పరిస్థితి తెలుసు. ఆ మొహం చూసి, తోచింది అనేశాను.

“దుర్గే అత్తా. నిన్నే పిలిచింది. నేను పక్కనే ఉన్నాను, దాని మొహం గుమ్మం వైపు ఉంది. తెర వైపు లేదు.”

“ఇన్నాళ్ళూ గుర్తులేదన్నావు?”

“ఇప్పుడు గుర్తొచ్చింది.”

ఆవిడ చాలాసేపు నన్నే చూసింది. నమ్మిందో, నా అబద్ధం పట్టేసిందో ఆ చూపులో నాకు తెలియలేదు. “ఆయ్” అంది. తర్వాత మంచినీళ్ళు అడిగింది. తలకింద చెయ్యి పెట్టి లేపి కూర్చోబెట్టాను. ఒక్క గుక్క తాగింది. మర్నాడు పొద్దున్నే పోయింది.

అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. నాకు గుర్తున్నదే నిజమైతే, చావబోయే మనిషికి అబద్ధం చెప్పి పంపించానా? పోనీ మంచికే కదా అని ఒక పూట అనుకుంటాను. ఆవిడ అన్నేళ్ళు అడిగింది నిజం కదా, ఓదార్పు కాదు కదా అని ఇంకో పూట అనుకుంటాను. దుర్గతో చెప్పే ధైర్యం లేదు. అది ఎన్నోసార్లు కాదన్న మాటని నేను ఔనని చెప్పాను. క్యాసెట్ ఒక్కసారి చూసి ఇస్తానే అంటే, దుర్గ తన తల్లి చీరల మధ్యనుంచి తీసి, “దీంతో నాకేం పని, నువ్వే ఉంచుకో” అంది.

స్టూడియో పెద్దాయన రెండు రోజుల్లో పని పూర్తి చేశాడు. ఇంట్లో ఒక్కదాన్నే చూద్దామనుకుని రెండుసార్లు పెట్టబోయి తీసేశాను. చివరికి ఆదివారం పూట బస్సెక్కి ముక్తేశ్వరం వెళ్ళిపోయాను. దుర్గ ఇప్పుడు ఆ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. శ్లాబు కూడా దాని కష్టంతోనే పడింది. కుట్టుమిషను పక్కకి జరిపి, పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టి, ఇద్దరం కింద కూర్చున్నాం. ఈసారి గొంతు కూడా పెట్టాం. ఎలుగుబంటి నోరు తెరవగానే సన్నటి ఆడగొంతు వచ్చింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. ఇంకాసేపటికి పొడుగు కోటావిడ వచ్చి దీపాలు వెలిగించి, టోపీ తీసి, నుదురు తుడుచుకుంది. ఈ చివరనుంచి ఆ చివరికి గుబురు మీసాలు.

దుర్గ కళ్ళల్లో నీళ్ళు తిరిగేటట్టు నవ్వింది. “ఈ మీసాలాయన కోసమేనాటే మేం అంతలా దెబ్బలాడుకున్నాం?”

“మరి మనం అప్పుడు చూసుండాలి కదే ఈ మీసాలు?”

“చూసే ఉంటాం. అమ్మ చెబుతుంటే మీసాలెవరు పట్టించుకున్నారు.”

ఆ మీసాలాయన సినిమా మొత్తంలో రెండుసార్లే వచ్చాడు. దీపాలు వెలిగించడం, వెళ్ళిపోవడం, అంతే. ఆ పిల్లకీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు. తర్వాత ఆకుపచ్చ పడవ వచ్చింది. లాంతర్లు ఉన్నాయి. నీళ్ళున్నాయి. పడవలో ఒక బాతు ఉంది. ఇంకెవరూ లేరు. ఒడ్డున కూడా ఎవరూ లేరు. ఒడ్డు పక్కన కిటికీ, కిటికీలో మంచం, మంచం మీద ఆ పిల్ల నోట్లో వేలేసుకుని నిద్రపోతోంది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. పడవ తెర దాటి వెళ్ళిపోయింది.

“ఆగు” అంది దుర్గ. “ఎనక్కి తిప్పు.”

తిప్పాను. మళ్ళీ బాతు, మళ్ళీ నిద్రపోయే పిల్ల.

“మరి పిలిచేదెప్పుడు?”

“ఇక్కడేనే. నాకు ఇక్కడే గుర్తు.”

చివరిదాకా చూశాం. ఆ సినిమాలో తల్లి అనే మనిషే లేదు. ఆ పిల్ల నిద్రలేచి ఎలుగుబంటితో ఏదో అంది, నవ్వింది, అంతే. ఎవరినీ ఆగమని అడగలేదు. అయిపోయాక కూడా దుర్గ తెర వైపే చూస్తూ కూర్చుంది. “అమ్మమ్మ తిడుతుందని అప్పుడు అలా అన్నానేమో. అదీ గుర్తులేదు చిట్టీ. ఇన్నాళ్ళూ నేను నిజంగానే ఆ పిల్లే పిలిచిందనుకున్నాను. అమ్మ అడిగినప్పుడల్లా అబద్ధం చెప్పలేదే నేను. నాకు కనపడింది కూడా. పిల్ల చేతులు చాచి…” అని ఆగిపోయింది. తర్వాత చాలా చిన్నగా, “అయితే నేనే” అంది.

దుర్గ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నేనే పిలిచానని మా అమ్మకి తెలీకుండానే పోయింది చిట్టీ. నాకే తెలీలేదు, అమ్మకేం చెప్పను.”

“తెలుసే” అన్నాను. “పోయే ముందు రోజు నేను చెప్పాను.”

“నీకెలా తెలుసు?”

“తెలీదు. తెలీకుండానే చెప్పాను.”

అది నన్ను కొట్టేటట్టు చూసింది. తర్వాత నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది, చిన్నపిల్లలు ఏడ్చినట్టు, శబ్దం చేస్తూ. ఆ మాట చెప్పాల్సింది తను. నేను ముందే చెప్పేశానని దానికి కోపమో, ఎవరో ఒకరు చెప్పారని ఊరటో, నేను అడగలేదు. బహుశా దానికీ తెలిసి ఉండదు. నాకు మాత్రం ఇప్పటికీ తేలలేదు. నేను చెప్పింది నిజమని తెలిసింది. కానీ చెప్పిన నాడు అది నాకు నిజం కాదు. అలాంటి మాటని ఏమంటారో నాకు తెలియదు.

నా పని మాత్రం కొంచెం మారింది. వార్డులో పెద్దవాళ్ళకో పిల్లలకో తోడుండడానికి వచ్చినవాళ్ళు, వాళ్ళు నిద్రపోయేదాకా చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్ల వైపు జారుకుంటారు. ఇదివరకు నేనూ కళ్ళతోనే వెళ్ళండి వెళ్ళండి అని సాయం చేసేదాన్ని. ఇప్పుడు గుమ్మంలో అడ్డంగా నిలబడి, “లేపి చెప్పి వెళ్ళండి. ఏడిస్తే ఏడవనీయండి” అంటున్నాను. కొంతమంది విసుక్కుంటారు, ఈ నర్సుకి చాదస్తం అంటారు. అననీ. ఒక్క పిలుపు తనదో కాదో తెలుసుకోవడానికి ఒక మనిషికి బతుకంతా పట్టడం నేను చూశాను.